ముసునూరు బస్సులో జపాన్ పాట

నేను వినే పాటలకు మా ఇంట్లో అందరూ ముఖం చిట్లిస్తారు. అందుకే ప్రయాణాల్లోనే వింటాను. ఆ రోజు నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే బస్సులో, హోరెత్తే మెటల్ రాక్ పాటలు పాడే ఒక జపాన్ గాయని సోలో ఆల్బమ్ పెట్టుకున్నాను. పక్క సీట్లోని పెద్దావిడ నా ఫోన్‌లో ఆ గాయని బొమ్మ చూసి, "మా అమ్మాయి ఈవిడ పాటలే వినేదమ్మా. మొన్న మామిడి సీజన్లో పోయింది," అన్నారు.

ఇయర్‌ఫోన్ ఒకటి ఇవ్వబోయాను.

"సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో పాట వినపడకూడదమ్మా," అన్నారు. కాసేపు కిటికీలోంచి తోటల్ని చూసి, "ఇది ఇల్లు కాదుగా," అంటూ తీసుకున్నారు.

వయొలిన్ల మీద నెమ్మదిగా సాగిన గొంతు చుట్టూ ఒక్కసారిగా డ్రమ్ములు, గిటార్లు విరుచుకుపడ్డాయి. ఆవిడకు ఇబ్బందేమోనని సౌండ్ తగ్గించబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉంచమ్మా. రోజూ నేనే తగ్గించమనేదాన్ని."