మిల్లు ఆపించి చెప్పిన మాట

తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో ఊకతో కరెంటు తీసే చిన్న ప్లాంటు ఉంది. ఊకను చాలినంత గాలి లేకుండా కాల్చి, వచ్చిన గ్యాసును కడిగి, వడపోసి ఇంజనుకు పంపుతారు. ఆరేళ్ల కిందట ఆ ఇంజను తారు పట్టి బిగుసుకుపోయింది. ఆపరేటరు సత్తిబాబు తడి ఊక పోసినందుకే తారు పట్టిందని రిపోర్టు రాసిన సర్వీసు ఇంజనీరును నేనే. నిజం వేరు. ఫిల్టర్లో తారును పట్టే రంపపు పొట్టు మార్చాల్సిన రోజున, రైలు వేళయిందని, మార్చకుండానే మార్చినట్టు సంతకం పెట్టి వచ్చేశాను. అది వానాకాలం. తడి ఊక అనగానే అందరూ నమ్మారు. సత్తిబాబు పని పోయింది.

పోయిన నెల మిల్లు యజమాని ఫోన్ చేశారు. "ప్లాంటు మళ్ళీ నడుపుదామనుకుంటున్నామండి. ఆ సత్తిబాబులాంటోడు కాకుండా మంచి మనిషిని చూసిపెట్టండి" అన్నారు. అందుకే సత్తిబాబును వెతుకుతూ ఈ ప్రయాణం.

ఉదయం ఆరున్నరకు ఏలూరులో కైకలూరు బస్సు ఎక్కాను. ఊరు దాటాక రోడ్డుకు రెండువైపులా చేపల చెరువులే. పక్క సీటు పెద్దాయన అడిగాడు: "ఎవరి చెరువుకండీ?"

"చెరువుకు కాదండి, ఒక మనిషి కోసం."

"ఇక్కడ ఏ మనిషైనా ఏదో ఒక చెరువు మీదే ఉంటాడండి" అన్నాడాయన.

నిజమే. ఏడున్నరకు ఒక లంక ఊరి దగ్గర దిగి, పది రూపాయల టీ తాగి, అడుగుతూ వెళితే సత్తిబాబు పడవలో నిలబడి చేపల మేత సంచులను చెరువులో పాతిన కర్రలకు కడుతున్నాడు. గట్టు మీద నుంచే జరిగింది చెప్పాను. అతని చేతులు ఆగలేదు.

"తెలుసండి. ఇంజను ఆగాక ఫిల్టరు మూత తీసి చూశాను. పొట్టు నల్లగా ముద్దయిపోయుంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పానండి. ఇంజనీరు గారి సంతకం ఉంది కదా అన్నారు."

క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏం లాభమండి? మిల్లు జట్టోళ్లు ఇప్పటికీ నన్ను తడూక అనే పిలుస్తారు. బస్తాలు మోసే ఆళ్ల ముందు చెప్పండి."

అతని మోటారు సైకిలు మీద ఏలూరు వచ్చి, పది నలభైకి పాసింజరు ఎక్కాం. భీమడోలు, ఉంగుటూరు దాటాం. తాడేపల్లిగూడెంలో భోజనం చేసి ఆటోలో మిల్లు చేరేసరికి ఒంటిగంట.

లారీ నుంచి ధాన్యం దింపుతున్న జట్టు మేస్త్రీ కేకేశాడు: "ఏరా తడూకా, చేపల్ని కూడా తడిపేశావా?" అందరూ నవ్వారు. యజమాని బయటికొచ్చారు. నేను మొదలుపెట్టాను. మిల్లు మోతలో నా మాట నాకే వినపడలేదు. సగంలో ఆపి తల దించుకున్నాను. చెప్పేశానని సరిపెట్టుకోవచ్చనిపించింది కూడా.

"మిల్లు ఆపించండి బాబూ" అన్నాడు సత్తిబాబు.

"ధాన్యం ఆడుతుండగానా? బియ్యం నూకైపోదూ?" అన్నారు యజమాని.

"నూకవనివ్వండి."

యజమాని అతని మొహం వంక చూసి, ఆపమని లోపలికి చెయ్యి ఊపారు. బెల్టులు ఒక్కొక్కటే ఆగాయి. లోపలివాళ్లు కూడా ఏమైందోనని బయటికొచ్చారు. అప్పుడు చెప్పాను, మొదటి నుంచీ. పొట్టు మార్చలేదని, అబద్ధపు సంతకం నాదని, ఊక పొడిగానే ఉందని.

మేస్త్రీ తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "అయితే తడూక సారు మీరన్నమాట!" ఒకరిద్దరు నవ్వారు. సత్తిబాబు నవ్వలేదు.

"సోమవారం నుంచి వస్తావా సత్తిబాబూ?" అన్నారు యజమాని.

"వస్తానండి. ఫిల్టరు మారిస్తే సంతకం మాత్రం నేనే పెడతాను."

"అలాగే."

మిల్లు మళ్ళీ మోగింది. సత్తిబాబు ప్లాంటు షెడ్డు తలుపు తీయించుకుని లోపలికి వెళ్లాడు. నాతో వస్తాడేమోనని కాసేపు ఆగి, ఆటో ఎక్కాను.

నాలుగూ నలభై రైలుకు కిటికీ పక్క సీటు దొరికింది. భారం దిగిందని రాస్తే అదీ ఒక అబద్ధపు రిపోర్టే అవుతుంది. ఆరేళ్లు అతను పడ్డ మాటకు నేను వాళ్ల ముందు నిలబడింది అయిదు నిమిషాలు. ఊకతో కరెంటు ఎలా పుడుతుందో చూడాలనుకునేవాళ్లు ఏలూరు నుంచి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. సోమవారం తరవాత వెళ్లండి. సత్తిబాబును అడిగితే అన్నీ చూపిస్తాడు. నా పేరు మాత్రం చెప్పకండి.