ఉండనీ అనే కాలమ్

నిన్న మధ్యాహ్నం మా ఇంట్లో కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కుయ్ కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్‌కు దానితో పనే లేదు, అయినా నా చేతులు కీబోర్డు మీది నుంచి వాటంతటవే పైకి లేచాయి. పక్క గదిలోంచి తొంగిచూసిన మా అమ్మాయి "ఏంటమ్మా, చేతులెత్తి కూర్చున్నావ్? పోలీసులొచ్చారా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ కుయ్ కుయ్ వినగానే రాయచూరులో బట్టల అంగడి పైన ఉన్న గది, కింది నుంచి మెట్లెక్కి వచ్చే కొత్త చీరల గంజి వాసన, "చేతులు తియ్ పిల్లా, చేతులు తియ్!" అనే ప్రమీలక్క గొంతు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ తరువాత చాలాసేపు పని సాగలేదు.

ప్రమీలక్క వాళ్లది తరతరాలుగా రాయచూరులో బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. పెళ్లయి హైదరాబాదు వెళ్లి, భర్త పోయాక పుట్టింటికి తిరిగి వచ్చింది. వస్తూ వస్తూ కంప్యూటర్ విద్య నేర్చుకొని వచ్చింది. తమ్ముళ్లను ఒప్పించి అంగడి మీది గదిలో రెండు కంప్యూటర్లు, ఇల్లు లేచిపోయేంత గోలచేసే ఒక ప్రింటర్ పెట్టుకుంది. మిల్లులకూ ఆసుపత్రులకూ సంఘాలకూ పేర్లు, వివరాలు ఎక్కించి ఇచ్చేది. నేను సింధనూరు దగ్గర క్యాంపు నుంచి, అంటే కాలవ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊరి నుంచి, డిగ్రీ కాగితం పట్టుకొని ఆమె దగ్గర ఉద్యోగానికి వెళ్లాను. "పని నేర్చుకుంటానండీ" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి "గీ అండీ గిండీ ఏంది? అక్కా అను. లేకుంటే నేను ముసల్దాన్ని అయిపోయిన అనుకుంట" అంది. అంతే, ఉద్యోగం వచ్చినట్టే.

అప్పటికి కృష్ణ ఒడ్డున పవర్ ప్లాంటు వచ్చి కొన్నేళ్లయింది. వాన వెలిసిన రోజున మా మేడెక్కితే దూరంగా పొగగొట్టాల పొగ కనిపించేది. ఊళ్లో కరెంటు మాత్రం దాని ఇష్టం వచ్చినప్పుడు పోయేది. "పుట్టేది మనింట్లనే, మనకే ఇయ్యరు" అని ప్రమీలక్క నవ్వేది గానీ, ఆ నవ్వు వెనక పెద్ద జాగ్రత్త ఉండేది. టేబుల్ అంటే అడ్డంగా వరుసలు, నిలువుగా కాలమ్‌లు ఉండే పట్టిక. ఉన్న టేబుల్‌కు కొత్త కాలమ్ చేర్చాలంటే ఆ రోజుల్లో కంప్యూటర్ పాతదాన్ని విప్పి, కొత్తది కట్టి, సమాచారాన్ని మళ్లీ అందులో పోసేది. ఆ మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ ఆపగలిగే రెండు నిమిషాలూ అయిపోయాయా, పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

చేరిన కొత్తలో ఒక బియ్యం మిల్లు టేబుల్‌కు ఫోన్ నంబర్ల కాలమ్ చేర్చమంటే, నేను ఉషారుగా అసలు టేబుల్ మీదే చెయ్యి వేయబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"జర ఆగు. ఇప్పుడు కరెంట్ పోతే?"

"పోదులే అక్కా, ఇప్పుడే కదా వచ్చింది."

ఆ మాట నా నోట్లో ఉండగానే ఫ్యాను ఆగింది. యూపీఎస్ కుయ్యిమంది. అక్క చీర కొంగుతో విసురుకుంటూ నా ముఖం కేసి చూసి పకపకా నవ్వింది. కరెంటు వచ్చాక పద్ధతి చూపించింది. అసలు టేబుల్‌కు నకలు తియ్యాలి. మార్పులన్నీ నకలులోనే చెయ్యాలి. వరుసలన్నీ వచ్చాయో లేదో సరిచూడాలి. అప్పుడు కూడా పాతదాన్ని తీసెయ్యకూడదు. "ఉండనీ, దాని జాగల అది ఉండనీ. కొత్తది పక్కన నిలబడ్డాకనే పాతదాని ముచ్చట" అనేది. రోజుకెన్నిసార్లు ఆ ‘ఉండనీ’ వినేదాన్నో! చివరికి కలలో కూడా వినిపించి విసుగొచ్చేది.

ఆమెకు ఇంకో అలవాటుండేది. ఏ టేబుల్ కొత్తగా కట్టినా, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి మొదటి వరుసలో తన పేరే కొట్టేది. ప్రమీలాదేవి అని కాదు, ‘పమ్మి, నర్సయ్య బిడ్డ, రాయచూరు’ అని. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "ప్రమీలాదేవి అని పెండ్లిల అత్తగారోళ్లు పెట్టిండ్రు. బాగనే ఉంది, నేనేం వద్దంటలేను. గాని పమ్మీ అంటే నిద్రలగూడ పలుకుత" అంది.

ప్లాంటులో బొగ్గూ బూడిదా మోసే కాంట్రాక్టు కూలీలు ఇళ్ల స్థలాల కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ల సభ్యుల టేబుల్ నేను చేరకముందే అక్క కట్టింది. అందులో ‘పేరు’ అని ఒకే ఒక్క కాలమ్. వచ్చినవాళ్లు ఏం చెబితే అది ఎక్కించేసింది: ‘హనుమంతప్ప మల్లట్’, ‘ఈరమ్మ, బూడిద లారీ హనుమంతప్ప పెండ్లం, పోతనాళ’. స్థలాలు ఇచ్చే వేళ దగ్గరపడ్డాక, సంఘంవాళ్లు ఇంటిపేరు, పేరు, తండ్రి లేదా భర్త, ఊరు అన్నీ విడివిడిగా కావాలన్నారు. కాలమ్‌లు విడగొట్టే పని అక్క నాకు అప్పగించింది. జాబితాలో పేరు లేకపోతే స్థలం లేదు. రేకుల షెడ్లలో ఏళ్ల తరబడి బూడిద పీల్చిన వాళ్లకు ఆ కాస్త నేలే మిగిలిన ఆశ.

పాత కాలమ్ చూస్తే నాకు ఒళ్లు మండేది. లారీలేమిటి, పెళ్లాలేమిటి, టేబుల్ అంటే అలా ఉంటుందా! నకలు టేబుల్‌లో నాలుగు కాలమ్‌లు చక్కగా చేర్చి, పాతదాన్ని ముక్కలు చేసి వాటిలో సర్దే ప్రోగ్రాం రాశాను. చూడముచ్చటగా వచ్చింది. "పాత కాలమ్ తీసేద్దాం అక్కా, ఎందుకింకా ఆ చెత్త? అంతా కొత్తవాటిలోకి వచ్చేసిందిగా" అన్నాను.

"అంతా వచ్చిందా?"

"వరుసలన్నీ సరిపోయాయక్కా."

"వరుసలు సరిపోతే మనుషులు సరిపోయినట్టేనా? ఉండనీ. ఆదివారం పోయి పిలుద్దాం. పిలిస్తే పలికిండ్రనుకో, అప్పుడు వచ్చినట్టు."

ఆదివారం పొద్దున్నే ప్లాంటు దగ్గర కూలీల షెడ్లకు వెళ్లాం. వేపచెట్టు కింద బెంచీ వేశారు. సంఘం కార్యదర్శి పక్కన కూర్చున్నాడు. కొత్త కాలమ్‌ల ప్రకారం పేరు మాత్రమే పైకి చదవమంది అక్క. నేను గొంతు సవరించుకొని "మల్లట్!" అని పిలిచాను. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాను. మూలన ఒక గుంపు ఒకరి ముఖాలు ఒకరు చూసుకొని నవ్వడం మొదలుపెట్టింది. వాళ్లంతా మల్లట్ అనే ఊరివాళ్లు. మా క్యాంపులో ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఇక్కడివాళ్లకు పేరు ముందు, ఊరి పేరే ఇంటిపేరై వెనక వస్తుంది. నా ప్రోగ్రాం మొదటి ముక్కను ఇంటిపేరనుకొని హనుమంతప్పను ఇంటిపేరు చేసేసి, ఊరిని మనిషిని చేసింది. "ఏం పిల్లా, ఊరికే స్థలమిస్తవా?" అని అక్క అంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అలాంటివన్నీ పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటూ ముందుకు సాగాం.

తరువాత ఆడవాళ్లకు భర్త పేరు, ఊరు కూడా కలిపి "ఈరమ్మ, భర్త హనుమంతప్ప, పోతనాళ" అని పిలిచాను. ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి లేచారు. ఒకామె లావుగా, గట్టిగా ఉంది. రెండో ఆమె బక్కపలచని మనిషి, చేతిలో పిల్ల. కార్యదర్శి నా కాగితాల మీదికి వంగి, "అదే పేరు రెండుసార్లు పడింది. డబుల్ ఎంట్రీ. ఒకటి కొట్టేయండి" అన్నాడు. లావుపాటామె ముందుకొచ్చి నిలబడింది. బక్కామె అక్కడే నిలబడి, "నానూ ఈరమ్మనే రీ" అంది. నేను కూడా ఈరమ్మనే అని. ఎవరూ వినకపోతే మళ్లీ అంది. పిల్లను చంక మార్చుకొని కూర్చోబోయింది.

"కూర్చోకమ్మా, నిలబడు" అంది అక్క. సంచిలోంచి ఇంకో ప్రింటు తీసింది. కొత్త కాలమ్‌ల పక్కనే నేను చెత్త అన్న ఆ పాత కాలమ్ కూడా అందులో ఉంది. చదివింది: ‘ఈరమ్మ, బూడిద లారీ హనుమంతప్ప పెండ్లం, పోతనాళ’. లావుపాటామె తల ఊపింది. రెండోది చదివింది: ‘ఈరమ్మ, బొగ్గు వ్యాగన్ల హనుమంతప్ప పెండ్లం, పోతనాళ’. బక్కామె అవునవునంటూ "హౌదు, హౌదు రీ!" అని ఏడ్చేసింది. అక్క కార్యదర్శి వైపు తిరిగి, "డబుల్ ఎంట్రీ గాదు సార్. ఇద్దరు మనుషులు. ఫికర్ జేయకున్రి, మీ స్థలం ఏం తక్కువ గాదు" అంది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ సరేనన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క మిరపకాయ బజ్జీ పొట్లం నా ఒళ్లో పెట్టింది. "నీ కాలమ్‌లు మంచిగనే ఉన్నయి పిల్లా. అవి గావాలె. గాని మనిషిని ముక్కలు చేస్తే ఏ ముక్కల ఎంత కారిపోయిందో మనకు ఎరుకైతదా? అందుకే ఉండనీ అంట" అంది. నాకు ఆమె మీద ఎంత ప్రేమ పుట్టిందో ఆ రోజు చెప్పలేకపోయాను, బజ్జీ తినేశాను. ఆ బక్క ఈరమ్మకు స్థలం వచ్చింది. గోడలు లేచినప్పుడు ఒక గంప సీతాఫలాలు తెచ్చి మా మెట్ల మీద పెట్టి వెళ్లింది.

తరువాత నా పెళ్లయింది, బెంగళూరు వచ్చాను, ఇదే ఉద్యోగంలో పెద్ద పెద్ద టేబుళ్లు చూశాను. ప్రమీలక్కకు పక్షవాతం వచ్చిందని తెలిసి రాయచూరు వెళ్లేసరికి ఆమె ఆసుపత్రిలో కళ్లు మూసుకొని ఉంది. నర్సు "ప్రమీలాదేవీ, ప్రమీలాదేవీ" అని చెంపలు తడుతోంది. ఆమె తమ్ముడి భార్య నా చెయ్యి పట్టుకొని "నిన్నటిసంది ఎవరు పిలిచినా పలుకుతలేదమ్మా" అంది. నేను "అక్కా" అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తరువాత ఆమె చెవి దగ్గరకు వంగి, జీవితంలో ఎన్నడూ పిలవని ఆ పేరు పిలిచాను.

"పమ్మీ!"

రెప్పలు కదిలాయి. "ఆఁ" అంది. మాట ముద్దగా ఉంది గానీ అర్థమైంది: "కరెంటొచ్చిందా?"

"వచ్చిందక్కా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆ నెల గడవకముందే ఆమె పోయింది. నేను ఇప్పటికీ టేబుల్ నిర్మాణం మార్చాల్సి వస్తే పాత కాలమ్‌ను వెంటనే తీయను. దాని పేరు ‘ఉండనీ’ అని మార్చి పక్కన ఉంచుతాను. ఆఫీసులో తెలుగు రాని కుర్రకారు అదేదో సాంకేతిక పదమనుకొని వాళ్ల టేబుళ్లలోనూ వాడేస్తున్నారు, నేనూ సరిదిద్దలేదు. కొత్త టేబుల్ కట్టినప్పుడు పరీక్ష కోసం మొదటి వరుసలో ‘పమ్మి, నర్సయ్య బిడ్డ, రాయచూరు’ అని కొడతాను. పని అయ్యాక పరీక్ష వరుసను తీసెయ్యాలి, తీసేస్తాను. తీసే ముందు మాత్రం ఒకసారి "పమ్మీ" అని పైకే పిలుస్తాను. ఎవరి పేరో సరిగ్గా వినబడక, పక్క గదిలోంచి మా అమ్మాయి "నన్నేనా అమ్మా?" అని అడుగుతుంది.