బాక్సుల మీద పరిచిన స్కార్ఫు

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు చెప్దామనుకున్నాను. చెప్పలేదు. అమ్మకు చెప్దామనుకున్నాను. అదీ లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, బహుశా అందుకే మీ ముందు నోరు పెగులుతోంది. అయినా ధైర్యం చాలడం లేదు. ఈ నాలుగు మాటలు రాసేలోపే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

కుప్పంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరుని. బడిలో నాకు మంచి పేరుంది. అదే నా ప్రాణం తీస్తోంది. ప్రతి సోమవారం పిల్లల్ని లేపి, "పోయిన వారం ముక్కూ మొహం తెలియని వాళ్ళకు ఏం సాయం చేశారు?" అని అడుగుతాను. ఒకడు ముసలమ్మ సంచి మోశానంటాడు. ఇంకొకతె దారి చూపించానంటుంది. వాళ్ళు బదులుగా ఏదైనా ఇవ్వబోతే వద్దనండి, ఇంకెవరికైనా చేయమనండి అని చెప్తాను. తల్లిదండ్రులు మెచ్చుకుంటారు. ఎంత మంచి టీచరమ్మో అంటారు. మంచి! ఆ మాట వినపడిన ప్రతిసారీ ఎవరో వెనక నుంచి జడ పట్టి లాగినట్టు ఉలిక్కిపడతాను.

జరిగింది చెప్తాను.

డిగ్రీ అయిపోయిన ఏడు. మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చే రోడ్డు మీద మా పిన్ని వాళ్ళ పల్లె. ఆ రోజు కుప్పంలో, ఇప్పుడు పనిచేస్తున్న ఈ బడిలోనే, ఇంటర్వ్యూ. ఉదయాన్నే రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. దుమ్ముకు మొహం చుట్టూ స్కార్ఫు కట్టుకున్నాను, కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా. కుప్పం నేరుగా పోయే బస్సు పొద్దున ఒక్కటే. అది తప్పితే ఇంటర్వ్యూ తప్పినట్టే. మా నాన్న బోరు ఎండిపోయి, ఇంట్లో అందరూ నా ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్న రోజులవి.

నా కళ్ళ ముందే పాల క్యాన్లతో వస్తున్న ఒకాయన మోపెడు జారి పడ్డాడు. తల పగిలింది. రోడ్డంతా పాలు. వచ్చే బండ్లు పక్కనుంచి తప్పుకుని పోతున్నాయి. నేను చెయ్యి ఊపుతున్నాను, ఎవరూ ఆపలేదు. మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తీసుకుపోతున్న ఒక బండి ఆగింది. డ్రైవరు ఒక్క మాట అడగలేదు. వెనక నిండుగా ఉన్న బాక్సుల్లో సగం దించి రోడ్డు పక్కన పేర్చాడు. నేనూ అందుకున్నాను. దెబ్బ తిన్న మనిషిని ఆ ఖాళీలో పడుకోబెట్టి, అటుగా వస్తున్న ఒక ముసలమ్మను ఆయన తల పట్టుకోమని ఎక్కించాడు. బండి పుంగనూరు వైపు తిప్పుతూ నాతో, "ఈ కాయ నాదొగనిదే గాదు పాపా, నాలుగిండ్లోళ్లది. రవ్వంతసేపు సూస్తా ఉండు. ఆస్పత్రిలో దించి వచ్చేస్తా" అన్నాడు.

సరే అన్నాను. అవును, సరే అన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు.

కాసేపటికి బస్సు వచ్చింది.

ఆ ఏడు టమోటాకు ధర లేదు. కోత కూలి కూడా గిట్టక రైతులు కాయను రోడ్ల పక్కన పారబోసి పోతున్నారు. ఎవరికీ అక్కర్లేని కాయను ఎవరు ఎత్తుకుపోతారులే అనుకున్నాను. కండక్టరు ఎక్కుతావా లేదా అని అరుస్తున్నాడు. స్కార్ఫు విప్పాను. బాక్సుల మీద పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టాను. మా వైపు బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తే ఆ సీటు జోలికి ఎవరూ రారు. మనిషి లేకపోయినా గుడ్డ ఉంటే చాలు. ఆ లెక్కనే వేశాను. సీటుకూ నడిరోడ్డుకూ తేడా తెలియనంత అమాయకురాలినా? కాదు. ఎక్కడానికి నాకొక సాకు కావాలి. ఆ గుడ్డే నా సాకు.

ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం రోజు కూడా ఆ బాక్సులే గుర్తొచ్చాయి. తర్వాత కొన్నేళ్ళకు పిల్లల్ని ఆ సోమవారం ప్రశ్న అడగడం మొదలుపెట్టాను. నేను చేయని పని వాళ్ళ చేత చేయిస్తే మనసు కుదుటపడుతుందనుకున్నాను. కొంత పడింది కూడా. ఇంతవరకే అయితే మీకు ఇంత రాసేదాన్ని కాదు.

పోయిన వేసవిలో మా అత్తను కంటి పరీక్షకు మదనపల్లె తీసుకెళ్ళాను. తిరిగి వస్తుంటే బస్సు దారిలో చెడిపోయింది. మిట్టమధ్యాహ్నం, కంట్లో మందు వేసిన మనిషి, చెట్టు నీడైనా లేదు. మార్కెట్టు నుంచి ఖాళీగా వస్తున్న ఒక బండి ఆగింది.

"యాడికి పోవల్లమ్మా?"

"పుంగనూరు కాడ దించితే సాలప్పా, ఆడ కుప్పం బస్సు ఎక్కుతాం" అంది అత్త.

ఇద్దరం ముందు ఎక్కి కూర్చున్నాం. డ్రైవరు జుట్టు నెరిసింది. నేను గుర్తుపట్టలేదు. అద్దం దగ్గర దేవుడి పటం, దాని కింద మడిచి పెట్టిన నీలం గుడ్డ. అత్త చెమట తుడుచుకోవడానికి దాని మీదికి చెయ్యి చాపింది.

"దాన్ని ముట్టొద్దమ్మా" అన్నాడు, మెత్తగానే. "అది ఒగ పాపది. అగపడితే ఇయ్యల్ల."

నీలం మీద తెల్ల చుక్కలు. అంచున మా పిన్ని వేసిన కుట్టు. అది నా స్కార్ఫే.

అత్త ఊరుకుంటుందా? "ఏ పాపప్పా?" అంది.

ఆయన చెప్పాడు. "ఒగాయన పాలక్యాన్ల బండి మింద నుంచి పడి ఉండాడు. ఆయప్ప బతికినాడులే, ఇప్పుడూ పాలు పోస్తాండాడు. బస్సుకు నిలబడిన పాపను కాయ సూస్తా ఉండమని పోతి. వచ్చి సూస్తే పాప లేదు. ఈ గుడ్డ ఉండాది. కాయేమో, పారబోసినారనుకోని గొర్రెలోళ్లు మేపుకుంటాండారు. కాయ పోతే పోనీమ్మా. ఒంటి ఆడబిడ్డను రోడ్డు మింద నిలబెట్టి పోతినే! మొగానికి కట్టుకున్న గుడ్డ యాల ఇప్పుతాది? ఎవురు ఏం చేసినారో ఏమో. సుట్టూ పల్లెల్లో అడిగితి. స్టేషన్ కాడికీ పోతి. పేరు తెలీదు, ఊరు తెలీదు, ఏమని రాసుకుంటారు?"

"బస్సొచ్చింటే ఎక్కి పోయింటాదిలేప్పా" అంది అత్త.

"అట్లయితే నాకు అంతకన్నా ఏం గావల్ల? పోయేది అయితే గుడ్డ యాల పరుస్తాది? అది ఉండల్లనుకున్న పిల్లమ్మా." నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు తల్లీ? సదువుకున్నదాని మాదిరి ఉండావు."

నేనన్నాను. "ఏమోనప్పా."

అదీ నా తప్పు. టమోటాలు కాదు. ఆ ఒక్క మాట.

"ఆ పాపను నేనే" అంటే అయిపోయేది. ఎందుకు అనలేదు? అత్త పక్కన ఉందనా? ఆ క్షణంలోనే ఆమె, "మా కోడలు ఇస్కూల్లో పిల్లోళ్లకు ఇదే చెప్తాది, తెలీనోళ్లకు సాయం చేయమని" అని గొప్పగా చెప్తోంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆయన తిడతాడని భయమా? తిట్టే మనిషైతే చెప్పేదాన్నేమో. తిట్టడని తెలిసే భయపడ్డాను. ఇన్నేళ్ళు నా కోసం బెంగపడిన మనిషికి, నాకేమీ కాలేదు, బస్సు తప్పిపోతుందని నిన్ను వదిలి పోయానంతే అని ఏ మొహంతో చెప్పడం? నా మంచి పేరు కోసం నేను చచ్చిపోయినట్టే ఆయనను నమ్మనిచ్చాను.

ఆ రోజు నేను నిలబడిన మా పిన్ని వాళ్ళ పల్లె స్టాపు దగ్గర ఆయన బండి నెమ్మది చేశాడు. రోడ్డు పక్కకు ఒకసారి చూసి మళ్ళీ పోనిచ్చాడు. పుంగనూరులో దిగి బాడుగ ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇంకెవురికన్నా చేయండమ్మా" అన్నాడు. పిల్లలకు నేను చెప్పే ఆ చివరి మాట ఆయనదే. ఆ రోజు నుంచి సిగ్గు లేకుండా తెచ్చుకుని వాడుకుంటున్నాను.

ఆయన ఊరేదో అత్త అడిగి తెలుసుకుంది. దాచడానికేమీ లేదు, మదనపల్లె పోయే బస్సు ఆ ఊళ్ళో ఆగుతుంది. ఆ తర్వాత ఆ దారిన పోయినప్పుడల్లా ఈసారి దిగుతాననుకుంటాను. సంచి ఒళ్ళోకి తీసుకుంటాను. బస్సు ఆగుతుంది. ఎవరెవరో దిగుతారు. బస్సు కదులుతుంది. ఒకసారి ఫుట్‌బోర్డు దాకా వెళ్ళి, పక్కకు జరిగి, వెనక ఆవిడకు దారి ఇచ్చాను. ఆవిడ నవ్వి, మంచిదానివమ్మా అంది.

ఏమంటారు మీరు? వద్దులెండి, ఏమీ అనకండి. నాకు ఓదార్పు అక్కర్లేదు, దానికి తగినదాన్ని కాను. ఒక్కరికైనా చెప్పగలిగాను, అంతే.

ఆ పాపకు ఏమీ కాలేదు. బతికే ఉంది. ఉద్యోగం చేసుకుంటోంది, వేళకు తింటోంది. ఈ కబురు అందరికంటే ముందు వినాల్సిన మనిషి రేపు పొద్దున కూడా ఆ స్టాపు దగ్గర బండి నెమ్మది చేసి, రోడ్డు పక్కకు చూస్తాడు.