కుడివైపు సీటు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. వరంగల్‌లో నర్సింగ్ చదివే రోజుల్లోనే మార్చురీకి ఒంటరిగా వెళ్ళి వచ్చేదాన్ని. చనిపోయినవాళ్ళు ఎవరినీ ఏమీ చేయరు, చేసేదంతా బతికున్నవాళ్ళేనని నా అనుభవం. ఇప్పటికీ అదే అనుకుంటాను. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆ మాట గట్టిగా అనలేను.

2004లో నేను షార్జాలో ఒక ఆస్పత్రిలో, సర్జికల్ వార్డులో పనిచేసేదాన్ని. మా తమ్ముడు రాజేందర్ అక్కడే ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్. ఇటలీ నుంచి వచ్చే స్పోర్ట్స్ కార్లను బాగుచేసే గ్యారేజీ అది. శుక్రవారం నా దగ్గరికి భోజనానికి వచ్చేవాడు. కంచం ముందు కూర్చున్నా కార్ల ముచ్చటే.

ఆ కంపెనీ పెట్టిన పెద్దమనిషికి రేసులంటే ప్రాణమట. రోడ్డు మీద తిరిగే కార్లు చేసి అమ్మింది కూడా రేసుల ఖర్చు వెళ్ళదీయడానికేనట. మొదట్లో ఇంజను ఒకచోట, పై రేకు ఇంకోచోట తయారయ్యేవట. రేకును సుత్తులతో కొట్టి చేత్తో వంచేవారు కాబట్టి ఏ రెండు కార్లూ అచ్చంగా ఒకేలా ఉండవట. చాలాకాలం తర్వాత ఇంజన్ని డ్రైవరు వీపు వెనక్కి తెచ్చారు. "అక్కా, ఎనక పులిని కూసోబెట్టుకొని పోయినట్టుంటది" అనేవాడు.

వాడికి అన్నిటికంటే ఇష్టమైనది ఒక ఎర్ర కారు. ఎనభైల నాటిది. తలుపుల మీద చేప మొప్పల్లాగా పొడుగాటి చీలికలు. వెనక పన్నెండు సిలిండర్ల ఇంజను, దాని మూతలకు ఎర్ర రంగు. పాతకాలంలో రేసులు గెలిచిన కారుకు కూడా అలాగే ఎర్ర మూతలుండేవని, ఆ పేరే దీనికీ పెట్టారని చెప్పాడు. సీట్లు రెండే. స్టీరింగు ఎడమవైపు. కారు సొంతదారు ఒక అరబ్బు పెద్దాయన. ఎండాకాలం దేశంలో ఉండేవారు కాదు. కారును గ్యారేజీలో వదిలి వెళ్ళేవారు.

గ్యారేజీ మేనేజరు ప్రసాద్‌ది విజయవాడ. పనివాళ్ళంతా అరబ్బీలో ముదీర్ అనేవారు, మేనేజరనే అర్థం. నా ఇంట్లోనూ భోంచేశాడు. నన్ను సిస్టర్ అని పిలిచేవాడు.

ఆ ఎండాకాలం ఒక శుక్రవారం పొద్దున రాజేందర్ రాలేదు. ఫోను వచ్చింది. ధైద్ అనే ఊరికి వెళ్ళే రోడ్డు మీద ఎర్ర కారు స్తంభాన్ని గుద్దుకుంది. అందులో రాజేందర్, ప్రసాద్ ఉన్నారు. దారినపోయేవాళ్ళు ఇద్దరినీ బయటికి లాగి పడుకోబెట్టారు. పోలీసులు వచ్చేసరికే మా తమ్ముడు పోయాడు. ప్రసాద్‌కు చేతులు గీరుకుపోయాయి, అంతే.

సొంతదారుకు చెప్పకుండా తాళాలు తీసి కారు నడిపింది రాజేందరేనని, తాను వద్దంటూ పక్కన కూర్చున్నానని ప్రసాద్ పోలీసులకు చెప్పాడు.

తమ్ముడికి స్నానం చేయించడానికి నన్ను మార్చురీ లోపలికి పంపారు. వాడి ఒంటి మీద బెల్టు ఒత్తిన గుర్తు ఉంది. కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా. ఆ దేశంలో డ్రైవరు బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది. కుడి భుజం మీద గుర్తు పడిందంటే మనిషి కుడివైపు సీట్లో ఉన్నట్టే. కారు నలిగింది కూడా కుడివైపే.

పోలీసులకు చెప్పాను. ఆఫీసరు మర్యాదగానే విన్నాడు. కానీ బయటికి లాగినవాళ్ళు పేర్లయినా చెప్పకుండా వెళ్ళిపోయారు, ఎవరు ఏ సీట్లో ఉన్నారో చెప్పేవాళ్ళు లేరు. సొంత అక్క అలా చెప్పక ఇంకెలా చెబుతుందని ప్రసాద్ అన్నాడట. కారు దొంగిలించి చచ్చాడన్న పేరుతో మా తమ్ముడి శవం ఊరికి వెళ్ళింది. పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా నన్ను ఆ మాటే అడిగారు.

సెలవు అయిపోయాక తిరిగి షార్జా వచ్చాను. ఆ తర్వాత అంబులెన్సు చప్పుడు వినిపించినప్పుడల్లా అందులో ప్రసాద్ ఉంటే బాగుండునని అనుకునేదాన్ని. దండం పెట్టుకునేటప్పుడు కూడా అదే కోరుకున్నాను.

సొంతదారుకు ఆ కారు మీద మమకారం ఎక్కువ. ఇటలీ నుంచి సామాను తెప్పించి అదే గ్యారేజీలో మళ్ళీ నిలబెట్టించారు. అక్కడ రంగులు వేసే యాదగిరిది నిజామాబాద్ దగ్గర పల్లె. రాజేందర్‌కు దోస్తు. ఒకసారి మందుల కోసం ఆస్పత్రికి వచ్చి నాతో ఒక విషయం చెప్పాడు.

"అక్కా, ఆ బండి కుడి సీటు బెల్టు పొద్దుగాల్ల చూస్తే పెట్టే ఉంటున్నది. నేనే తీస్త. మళ్ల పెట్టి ఉంటది. ముదీర్ దాని దిక్కు చూస్తలేడు."

ఎవరో ఆకతాయి పని అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

కారు తయారయ్యాక సొంతదారుకు అప్పగించే ముందు ఎవరో ఒకరు రోడ్డు మీద నడిపి చూడాలి. పనివాళ్ళెవరూ ముందుకు రాలేదు. మధ్యాహ్నం ప్రసాదే తీసుకెళ్ళాడు. గేటు తెరిచింది యాదగిరి. ప్రసాద్ ఎడమవైపు, స్టీరింగు ముందు కూర్చున్నాడు, పక్క సీటు ఖాళీ. ఇంకా ఇద్దరు చూశారు.

కారు మళ్ళీ ధైద్ రోడ్డు మీదే స్తంభాన్ని గుద్దుకుంది. ఈసారి పోలీసులే ముందు చేరారు. కుడివైపంతా నుజ్జు. ఎడమవైపు అద్దం కూడా పగల్లేదు, తలుపు వేసే ఉంది. స్టీరింగు ముందు ఎవరూ లేరు. ప్రసాద్ కుడివైపు సీట్లో, బెల్టు పెట్టుకుని, కాలు ఇరుక్కుని అరుస్తున్నాడు.

మా వార్డుకే తెచ్చారు. కుడి కాలు మోకాలి దాకా తీసేయాల్సి వచ్చింది. చొక్కా కత్తిరించింది నేనే. కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా గుర్తు. గుద్దుకున్నాక సీటు మారి నాటకం ఆడాడనుకోవడానికి వీల్లేదు. గుద్దుకున్నప్పుడు ఆ బెల్టులో ఉన్న మనిషికే ఆ గుర్తు పడుతుంది.

మూడో రోజు డ్రెస్సింగ్ చేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"సిస్టర్, నేను నడపలేదండీ. రాజేందర్ నడిపాడు."

నేను చెయ్యి విడిపించుకున్నాను. అతనే చెప్పాడు. గేరు మార్చబోతే రాడ్డు మీద ఇంకో చెయ్యి తగిలిందట. తలెత్తి చూస్తే తాను కుడివైపు ఉన్నాడు. స్టీరింగు ముందు రాజేందర్. ఒక్కసారి కూడా తన వంక చూడలేదట.

"ఆపరా అని బతిమాలాను సిస్టర్. ఆ రోజు వాడు నన్ను బతిమాలినట్టే బతిమాలాను. ఆపలేదు."

నా చేతిలో దూది అలాగే ఉండిపోయింది.

"ఆ రోజు వాడు ఎవల్ని బతిమాలిండు?" అని అడిగాను.

అతను కళ్ళు మూసుకున్నాడు. "నన్నే" అన్నాడు. "నడిపింది నేనే."

డాక్టర్ని పిలిచాను. మనిషి పూర్తి తెలివిలో ఉన్నాడని కేస్ షీటులో రాయించాను. పోలీసులకు ఫోను చేయించాను. వాళ్ళు వచ్చేదాకా ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. వాళ్ళ ముందు అదే మాట మళ్ళీ చెప్పించాను. మొదటి ప్రమాదం సంగతి పోలీసులు నమ్మారు. మా తమ్ముడి పేరు మీద ఉన్న కేసు కొట్టేశారు. రెండోది నమ్మలేదు. చచ్చిపోయినవాడు కారెలా నడుపుతాడని ఆఫీసరు ఉర్దూలో అడిగితే ప్రసాద్ నా వైపు చూశాడు. నేను సాక్ష్యం చెబుతాననుకున్నాడు కాబోలు. బెల్టు గుర్తు గురించి మొదటిసారి నేను చెబితే పట్టించుకోని మనుషులకు మళ్ళీ చెప్పాలనిపించలేదు. గుద్దుకున్నాక సీటు మారాడని రాసుకున్నారు, రెండు ప్రమాదాలూ ప్రసాద్ మీదే పడ్డాయి.

జైలుకు తీసుకెళ్ళేముందు చాలా వారాలు మా వార్డులోనే ఉన్నాడు. మిగతా నర్సులు డ్యూటీ మార్చుకుంటామన్నారు. ఒప్పుకోలేదు. రోజూ నేనే ఒళ్ళు తుడిచేదాన్ని.

చివరి రోజు అడిగాడు. "వాడి కోపం తీరిందంటారా సిస్టర్?"

"వాని సంగతి నాకు తెల్వది. నాది తీరలే" అన్నాను.

కమిలిన చర్మం నల్లబడి, పచ్చబడి, పసుపై, కొన్నాళ్ళకు మామూలవుతుంది. ఎన్ని వందల ఒళ్ళు చూశానో నాకే తెలియదు, అలా కానిది ఒక్కటీ లేదు. ప్రసాద్ కాలి గాయం మానింది. చేతుల మీద దెబ్బలు మానాయి. భుజం మీద ఆ గుర్తు మాత్రం తెచ్చిన రోజు ఎలా ఉందో, చక్రాల కుర్చీలో బయటికి తోసిన రోజు కూడా అంతే ఎర్రగా ఉంది. రక్తపరీక్షలు చేయించారు, చర్మం డాక్టరు వచ్చి చూశాడు. కారణం తెలియలేదు. నాకూ తెలియదు. ఇన్నేళ్ళయినా అది చెరిగి ఉండకూడదనే నా కోరిక.