కాక గెలిచిన పందెం

మొన్న డిచ్‌పల్లిలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఒక కుర్రాడు బండి మీద బోర్లా పడుకున్నట్టు వంగి నా ముందు నుంచి దూసుకుపోయాడు. అది ఏ ఇంగ్లండు కంపెనీ బండో ట్యాంకు మీది పేరు చదవకుండానే తెలిసింది. గుర్తుపట్టింది కళ్లు కాదు, నా నడుము. ఎనభైల్లో మా కాక దగ్గర అదే కంపెనీ పాత బండి ఉండేది; దాన్ని నెట్టింది ఈ నడుమే.

కాక అంటే మా బాపు తమ్ముడు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర దాన్ని కొన్నాడు. ఐదు వందల సీసీ, రెండు సిలిండర్లు, రెండు కార్బ్యురేటర్లు. అమెరికాలో సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో జరిగిన పందెంలో తనకంటే పెద్ద ఇంజన్లను ఓడించిందనీ, ఆ ఊరి పేరే దానికి పెట్టారనీ తానే తోలినట్టు చెప్పేవాడు. వాళ్ల దేశంలో అది మధ్యరకం బండి అట. నిజామాబాద్‌లో మా ఇంటికొచ్చాక పూర్తిగా మధ్యతరగతిదైంది. చీర చక్రంలో పడకుండా జాలీ, వెనక క్యారియరు, పక్కన పాలక్యాను. ఇంజను అరిగిపోయింది, సామాన్లు దొరకవు. "దీంట్ల ఇంకొక్క ఉరుకున్నదిరా. గది పాలు తెచ్చెటందుకు గాదు," అనేవాడు.

ఊళ్లో మట్టి మైదానంలో మోటారుసైకిల్ పందాలన్నారు. చెరుకు సీజనంతా డ్యూటీలు చేసి కళ్లు గుంటలు పడిన మనిషి, ఆ పొద్దున జాలీ, క్యారియరు ఊడదీసి, గాలి బాగా పీల్చాలని కార్బ్యురేటర్ల ఫిల్టర్లు కూడా పీకేసి స్నానానికి పోయాడు. నాయనమ్మ పూజకు దిగింది. పసుపు పండించే ఇల్లు మాది; నాగలైనా కుట్టుమిషనైనా ఆమె పసుపు తగలకుండా గడప దాటేది కాదు.

ఇంజను అలిసిపోతుందని మైదానం దాకా కాకా నేనూ నెట్టుకుంటూ పోయాం. అలిసింది మేమే. జెండా ఊపారు. కాక కిక్కు కొట్టాడు. బండి తుమ్మి, పచ్చటి పొగ కక్కి, నాలుగు గజాలు ఉరికి దగ్గుతూ ఆగిపోయింది.

"ఏందే అన్నా, బండికి నలుగు పెట్టి తెచ్చినవా?" అని ఎవడో అరిచాడు. జనం ఒకటే నవ్వు.

కాక కార్బ్యురేటరు నోట్లో వేలు పెట్టి తీశాడు. వేలంతా పసుపు. నోరు తెరుచుకుని ఉన్నాయి కదాని నాయనమ్మ రెండింటికీ చెరో గుప్పెడు పోసింది. కాక ఆ వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "పారా, నెట్టు," అన్నాడు. "ఇంట్ల నువ్వేం మాట్లాడకు."

నాయనమ్మ గడపలోనే నిలబడి ఉంది. "ఏమాయె కొడుకా?"

"గెల్సిన అవ్వా. ఫస్టొచ్చిన."

"మరి నా పసుపు ఊకెనే పోతదా!" అని ఆమె వాడంతా చెప్పొచ్చింది.

బండి మళ్లీ ఉరకలేదు. నాయనమ్మ పోయింది, కాక పోయాడు, ఆ రోజు నవ్వినవాళ్లూ ఒక్కొక్కరే పోతున్నారు. ఆ గెలుపును కాదనగలిగినవాణ్ని మా ఇంట్లో ఇక నేనొక్కణ్ణే, నాకూ ఓపిక తగ్గుతోంది. మరికొన్నాళ్లు ఆగితే అది నిజమైపోతుంది.