బాపుకు సారా సూది

తొంభైలల్ల బాపు కాలేయంల క్యాన్సర్ గడ్డ లేసింది. హైదరాబాద్ డాక్టర్ రేగుపండంత ఉన్నదన్నడు. ఆ ముచ్చట ఆదిలాబాద్‌ల మా వాడకట్టుకు చేరేసరికి గడ్డ గుమ్మడికాయంత అయ్యింది. కోసుడు లేదట. టీవీ లాంటి తెర మీద గడ్డను చూసుకుంట, సన్నటి సూదితోని అందులకు ఆల్కహాల్ ఎక్కించి మాడ్చి చంపుతరట. ఆ సన్నటి సూది నా కండ్లకు గడ్డపారంత కనవడ్డది.

బాపు పండరిపురంల తులసిమాల ఏసుకొని, సారా ముట్టనని ఒట్టు వెట్టుకున్న మనిషి. సారా దుకాణం గాలి తగిలినా పెన్‌గంగ ఎండేదాక తానం చేసేటోడు.

"పాణం పోతే పోనీ, సారా నా ఒంట్లకు రావద్దు" అన్నడు.

డాక్టర్ బతిమాలిండు. నేను ఏడ్చిన. బాపు ఇనలే.

బాపుతోని ఇన్నేండ్లు కాపురం చేసిన అవ్వ కొంగు నడుముకు చెక్కుకొని ముందటికొచ్చింది. "మాలేసుకున్నది నువ్వు. గా గడ్డ ఏసుకున్నదా? దాన్ని తాగి చావనియ్యి!"

ముందుగాల డాక్టర్ నవ్విండు, ఎనుక బాపు. ఆ నవ్వు ఇయ్యాల ఎక్కడ దొరుకుతది? నవ్వుకుంటనే అంగీ పైకెత్తి బల్ల మీద పండుకున్నడు.

తెర మీద సూది మొన కాడ గడ్డ తెల్లగ మారుతుంటే, అవ్వ నా చెయ్యి నలిగేటట్టు పట్టుకొని, రెప్ప కొట్టకుంట చూసి అన్నది: "దానికి ఇంకో గిలాసెడు పొయ్యి సారూ."