మూడోసారి అన్నాక

ఆ అమ్మాయి చదివే చదువు పేరు చెబితే ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. స్పీచ్ థెరపీ అంటే "ఉపన్యాసాలివ్వడం నేర్పుతారా?" అన్నవాళ్ళున్నారు. పక్కింటావిడ అయితే "మా కోడలికి మాటలు తగ్గించే మందేమైనా ఉంటే చెప్పమ్మా, ముందు ఆ వైద్యం మొదలెడదాం" అని పగలబడి నవ్వింది. మోటార్లకు వైండింగ్ చేసే వాళ్ళ నాన్న మాత్రం దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఓపిగ్గా వివరించేవాడు. "పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళుంటారు చూడండి, వాళ్ళకి మళ్ళీ మాటలు తెప్పిస్తుంది మా అమ్మాయి." అదేదో అంగడి నుంచి సరుకు తెప్పించినంత తేలిగ్గా చెప్పేవాడు.

ఇంట్లో ఆమెను వసపిట్ట అని పిలిచేవారు. పలుకు వచ్చినప్పటి నుంచీ నోరు మూతపడింది లేదు. "నీ మాటల్లో సగం వాళ్ళకి పంచినా చాలు, ఆసుపత్రి ఖాళీ అయిపోతుంది" అనేది అమ్మ.

చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ పెద్దాసుపత్రిలో పడింది. ఎక్స్‌రే గది దాటి, లిఫ్టు దాటి, వరండా ఇక అయిపోయిందనుకున్నాక ఒక తలుపు ఉంటుంది. అదే మాటల గది. ఒకప్పుడు సామాన్ల కొట్టు. ఇప్పటికీ ఒక మూల చక్రం ఊడిన కుర్చీలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి ఉండేవి. ఒక బల్ల, దాని కుంటికాలి కింద మడతపెట్టిన అట్టముక్క, గోడకు నిలువుటద్దం, అట్టపెట్టె నిండా అంచులు నలిగిన బొమ్మల కార్డులు. పెదాలు ఎలా కదులుతున్నాయో రోగి చూసుకోవడానికి ఆ అద్దం. కానీ వచ్చినవాళ్ళలో చాలామంది అద్దంలో తమ వంకరపోయిన మూతిని ఒకసారి చూసుకుని, ఇక అటు తిరిగేవారు కాదు.

ఆ గది మొత్తానికీ ఒక్క మేడమ్. కాంట్రాక్టు ఉద్యోగం. పొద్దున్నే వరండా నిండిపోయేది. ఆవిడ పసిపిల్లల్ని చూసుకుంటూ, పెద్దవాళ్ళను ఇంటర్న్‌కు అప్పగించింది. మొదటిరోజే ఒక మాట చెప్పింది. "ఇక్కడ ఎవరికీ మాట ఇవ్వకు. మాట రప్పించడమే మన పని, ఇవ్వడం కాదు." వసపిట్టకు అది చమత్కారంగా తోచి ఇంటికి వెళ్ళి అందరికీ చెప్పి నవ్వించింది.

వేలంపాట పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చింది వానాకాలం మొదట్లో. కూరగాయల మార్కెట్లో ముప్పై ఏళ్ళకు పైగా సరుకు పాట పాడిన మనిషి. ఆయన గొంతెత్తితే మార్కెట్ గేటు బయట టీ తాగేవాళ్ళు గ్లాసు దించేసి పరుగెత్తుకొచ్చేవారట. ఒక పొద్దున పాట మధ్యలోనే కుప్పకూలాడు. కుడి చెయ్యి పడిపోయింది. కాలు కాస్త నిలబడింది. మాటల్లో ఒక్కటే మిగిలింది: "అదే."

పేరడిగితే అదే. ఆకలేస్తోందా అంటే అదే. కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా అదే. చెప్పిందంతా ఆయనకు అర్థమయ్యేది. తాళంచెవి ఏదంటే ఆ కార్డు మీద వేలు పెట్టేవాడు. ఇది ఏమిటి అని అడిగితే మాత్రం పెదాలు వణికి, మెడ నరాలు తేలి, చివరికి "అ... అదే" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

"తా..." అని అందించేది అమ్మాయి. "నా నోటివైపు చూడండి బాబాయ్ గారూ. తా... ళం..."

"తా... తా... అదే."

వెంట భార్య వచ్చేది. సన్నగా, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచీతో. "పెళ్ళయినప్పటి నుంచీ ఆయన మాట్లాడ్డం, నేను వినడం. ఇప్పుడు ఇంట్లో నా గొంతొక్కటే తల్లీ. నాకే బెదురుగా ఉంటోంది" అంది ఒకసారి.

రెండు నెలలు గడిచినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఒక మధ్యాహ్నం అమ్మాయికి విసుగు, ఆకలి కలిసి వచ్చాయి. దువ్వెన కార్డు చేతిలో ఉంది. తమాషాకి బల్లమీద స్కేలు పెట్టి ఠపీమని కొట్టి, "పోనీ ఈ దువ్వెనను వేలం వేసేద్దాం బాబాయ్ గారూ! ఒకటోసారి..." అంది.

పెద్దాయన నడుము నిటారుగా అయింది. ఎడమచెయ్యి బల్లమీద పడింది.

"ఒకటోసారి! రెండోసారీ! మూ...డోసారి!"

గొంతు వరండా అవతలి చివరిదాకా వెళ్ళింది. ఎక్స్‌రే గది దగ్గర క్యూలో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. సంచీ జారి కింద పడింది. పెద్దాయన తన గొంతు తానే విని బిత్తరపోయి, మళ్ళీ బల్ల చరిచాడు. మళ్ళీ అన్నాడు. తడబాటు లేదు, నత్తి లేదు. అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ఈ చదువులోకి ఎందుకొచ్చానా అని ఎన్నోసార్లు అనుకున్న పిల్ల, ఇందుకే అనుకుంది.

వాళ్ళు వెళ్ళాక మేడమ్ పిలిచింది. "విన్నాను. సంతోషమే. కానీ అది మాట కాదు, అలవాటు. ఒకటి, రెండు అని లెక్కపెట్టడం, కంఠతా వచ్చిన పాఠాలు వీళ్ళకు అలా దొర్లుకుంటూ వచ్చేస్తాయి. తలుచుకుని అనలేరు, తలుచుకుని ఆపనూ లేరు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ సంగతి వాళ్ళావిడకు అర్థమయ్యేలా చెప్పు. ఆలస్యం చెయ్యకు."

"దాన్ని పట్టుకుని మిగతా మాటలు లాగొచ్చు కదండీ?"

"ప్రయత్నించు. ముందు చెప్పు."

చెబుదామనే కూర్చుంది. కానీ ఆ వారం పెద్దావిడ ముఖం వేరుగా ఉంది. తల నున్నగా దువ్వుకుంది. "రోజూ పొద్దున లేవగానే పాడుతున్నాడమ్మా. మా మేనల్లుడు విని ఏడ్చేశాడు. నీ చేతి చలవ" అంటూ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతుల్లోంచి తన చేతులు తీసుకుని చేదు కబురు చెప్పడానికి అమ్మాయికి మనసొప్పలేదు. "ఇంకా చూద్దాం పిన్నిగారూ" అని ఊరుకుంది. ఆ తర్వాతి వారమూ అంతే. మూడోవారం పాట మధ్యలో పెద్దాయన ఉన్నట్టుండి "ఎంతా?" అన్నాడు. కొత్తమాట! ఆ ఒక్క మాటతో అమ్మాయి మేడమ్ చెప్పిందంతా మడిచి పక్కన పెట్టేసింది. పుస్తకాల్లో లేనిది నా ముందు జరుగుతోంది అనుకుంది. ఇంట్లో నాన్న ఆ రాత్రి భోజనం దగ్గర ఆ కథ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఒక రోజు పెద్దావిడ అంది: "శుక్రవారం మార్కెట్లో ఆయన పాడతాడు. ఒక్క లాటు సరుకే. మేనల్లుడు పక్కనుంటాడు. నువ్వు రావాలి తల్లీ."

వద్దనాల్సిన క్షణం అదే. అమ్మాయి "వస్తాను" అంది. మేడమ్‌కు చెప్పలేదు.

తెల్లారేసరికే మార్కెట్ సందడిగా ఉంది. తడి గోనెలు, కుళ్ళిన ఆకులు, హమాలీల కేకలు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. గడ్డం గీయించుకున్నాడు. పాతవాళ్ళు వచ్చి భుజం తట్టారు. "గురువుగారొచ్చారు, ఇక మన జేబులకు చిల్లే" అన్నాడొకడు. ఆయన అందరికీ "అదే, అదే" అంటూ నవ్వాడు. మేనల్లుడు జబ్బ పట్టుకుని చెక్కపెట్టె మీదికి ఎక్కించాడు. ఎదురుగా టమాటా బుట్టలు. వాటి పక్కన సరుకు తెచ్చిన రైతు, నిద్రలేని కళ్ళతో ఒక నడివయసు మనిషి.

మేనల్లుడు మొదటి ధర పలికాడు. వెనక నుంచి ఎవరో సరేనని చెయ్యెత్తారు.

"ఒకటోసారి!" గొంతు ఖంగుమంది. జనం హుషారుగా ఈలలు వేశారు. ఇంకొకడు ధర పెంచాడు. అక్కడ ఆగాలి. కొత్త ధరతో మళ్ళీ మొదలెట్టాలి. మూడు దశాబ్దాలు ఆయన చేసిన పని అదే.

"రెండోసారీ! మూ...డోసారి!" ఎడమచెయ్యి తొడమీద పడింది.

అందరూ నవ్వారు, మొదట ప్రేమగానే. మొదట చెయ్యెత్తినవాడు, పెంచిన ధర లెక్కలోకి రానట్టే, ముందుకొచ్చాడు. "మూడోసారి అన్నాక మాటేముంది? సరుకు నాదే." బుట్టమీద చెయ్యి వేశాడు.

రైతుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవడు పాడాడయ్యా? నోరు లేని మనిషిని నిలబెట్టి నా పంటకు పాట పాడిస్తారా? ఇది మార్కెట్టా, నాటకమా?"

"బాబాయ్, ఆగు, మళ్ళీ పాడిద్దాం" అని రైతుతో అంటూ మేనల్లుడు మధ్యలోకి వెళ్ళాడు. ఇటు బుట్ట పట్టుకున్నవాడు వదలడు, అటు రైతు వినడు. పెట్టెమీద పెద్దాయన ఇద్దరికీ ఏదో చెప్పబోయాడు. ఎడమచెయ్యి గాలిలో ఆడించి, "అదే... అదే..." అన్నాడు.

"ఏది?" అని గుంపులోంచి ఎవడో కుర్రగొంతుతో అరిచాడు.

"అదే!"

"అదే అంటే ఏదీ?"

ఈసారి నవ్వు వేరు. పెద్దాయన తల తిప్పి గుంపులో వెతికాడు. అమ్మాయి కనిపించింది. ఆమెనే చూస్తూ పెదాలు కదిపాడు, గదిలో కార్డు ముందు కదిపినట్టే. ఆమె అందిస్తుందేమోనని ఆగాడు. ఏ మాట అందించాలి? ఏ అక్షరంతో మొదలవుతుంది అది?

తప్పు దిద్దుదామనుకున్నాడో ఏమో, ఆయన మళ్ళీ గొంతెత్తాడు. "ఒకటోసారి! రెండోసారీ!..." ఇక ఆగలేదు. ధర లేదు, పాటదారు లేడు, పాట మాత్రం ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంది. నవ్వేవాళ్ళు కూడా నవ్వడం మానేశారు. మేనల్లుడు నడుం చుట్టూ చెయ్యి వేసి, "దిగు మామయ్యా. చాల్లే. దిగు" అని చిన్నపిల్లాణ్ణి దించినట్టు దించాడు. చీటికీ మాటికీ కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి ఆ రోజు ఏడవలేదు. పెద్దావిడ చొక్కా చెయ్యి సర్దుతూ, ఎవరివైపూ చూడకుండా నడిపించుకుపోయింది.

తర్వాతి వారం వాళ్ళు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అమ్మాయి మార్కెట్‌కి వెళ్ళి మేనల్లుణ్ణి అడిగి ఇల్లు తెలుసుకుంది. రెండు గదుల ఇల్లు. పెద్దాయన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నీళ్ళ మీటరు చూడ్డానికి వచ్చినవాణ్ణి చూసినట్టు ఆమెను ఒకసారి చూసి, మళ్ళీ అటు తిరిగాడు.

"బాబాయ్ గారూ, బాగున్నారా?"

జవాబు లేదు. ఆ మిగిలిన ఒక్కమాట కూడా లేదు.

"ఆ రోజు నుంచి అంతే. పిలిచినా పలకడు" అంది పెద్దావిడ. మంచినీళ్ళిచ్చింది. అమ్మాయి గ్లాసు అందుకున్నాక, నెమ్మదిగా అంది: "మందుల కోసం వచ్చి మీ మేడమ్‌ని కలిశాను. అది అసలు మాట కాదని, నీకు మొదట్లోనే చెప్పిందట కదమ్మా?"

అమ్మాయి తల వంచుకుంది.

"మరి నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒక సమాధానం దొరికేది. ఆవిడ నిజంగా తెలుసుకుందామని అడిగింది. "మీరు సంతోషంగా ఉన్నారని..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం ఎటు పోతుందో తనకే తెలిసి ఆపేసింది. నీళ్ళ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేసింది.

మేడమ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇంకోసారి పిలిపిద్దామా?" అని అమ్మాయి అడిగితే, "రారు. నేను చూసినవాళ్ళలో ఇలా మానేసినవాళ్ళు తిరిగి రాలేదు" అంది, ఒళ్ళో ఉన్న పిల్లవాడి మూతి తుడుస్తూ. ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పింది. ఆవిడ కాంట్రాక్టు పొడిగించడం లేదట. ఎక్స్‌రే వాళ్ళకు చోటు చాలక ఈ గది అడుగుతున్నారట. వరండాలో కూర్చున్న తల్లులకు ఆ కబురు ఇంకా తెలియదు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వంతు కోసం చూస్తున్నారు.

ఇంటర్న్‌షిప్ ముగిసింది. సర్టిఫికెట్‌లో "పని బాగా చేసింది" అని రాశారు. నాన్న దాన్ని దుకాణానికి పట్టుకెళ్ళి నూనె చేతులు తగలకుండా అందరికీ దూరం నుంచే చూపించాడు. "ఇంక ఆసుపత్రి ఉద్యోగమే తరువాయి" అన్నాడు. ఆ ఉద్యోగమే లేదని, ఉన్న ఒక్కటీ ఎత్తేశారని చెప్పడానికి ఆమెకు చాలాకాలం పట్టింది. విన్నాక ఆయన మోటారుకు చుడుతున్న తీగ మీదికి తల వంచాడు.

ఇప్పుడు వినికిడి యంత్రాలు అమ్మే దుకాణంలో పనిచేస్తోంది. గాజు అద్దాల గదిలో ముసలివాళ్ళను కూర్చోబెట్టి చెవులు పరీక్ష చేస్తుంది. ఖరీదైన రకం చూపించమని యజమాని రోజూ చెబుతాడు. "ఇది పెట్టుకుంటే మునుపటిలా వినపడుతుందా అమ్మా?" అని వాళ్ళడుగుతారు. ఆమె కళ్ళు దించి, యంత్రం తుడిచి, ధర చెబుతుంది. సాయంత్రం ఇంటికొస్తే అమ్మే పలకరించాలి, అమ్మే జవాబు చెప్పుకోవాలి.

మొన్నొక పొద్దున బస్సెక్కితే ముందు వరుసలో ఆ ఇద్దరూ కనిపించారు. పెద్దాయన కిటికీ పక్కన ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. పెద్దావిడ ఆయన చెవి దగ్గర వంగి ఏదో చెబుతూనే ఉంది, బయటికి వేలు చూపిస్తూ. ఆయన తల తిప్పలేదు, ఊ కొట్టలేదు. ఆవిడ ఆపలేదు. వాళ్ళు వెనక్కి చూడకముందే అమ్మాయి తన స్టాపు ఇంకా దూరమున్నా దిగిపోయి, దుకాణం దాకా ఎండలో నడుచుకుంటూ వెళ్ళింది. ఆలస్యమైనందుకు యజమాని మాటలన్నాడు. పడింది.